మలక్‌పేట మార్కెట్లో రాని కన్నీళ్లు వంటింట్లో ఎందుకు వస్తాయి?

హైదరాబాద్ వంటిళ్లకు చేరే ఉల్లిగడ్డల్లో చాలా భాగం ముందు మలక్‌పేట మార్కెట్ యార్డులో దిగుతుంది. మహారాష్ట్ర నుంచి, కర్నూలు నుంచి, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన లారీల్లోంచి హమాలీలు బస్తాలు దించుతుంటారు, కుప్పలు పోస్తుంటారు, గడ్డల్ని చేతులతోనే ఏరి పెద్దవీ చిన్నవీ వేరు చేస్తుంటారు. ఎండిన పొట్టు గాలికి లేచి కాళ్ల చుట్టూ తిరుగుతుంటుంది. అంత ఉల్లి మధ్య పొద్దంతా తిరిగినా ఆ మనుషుల కళ్లు తడవవు. అదే కుప్పలోంచి ఒక కిలో ఇంటికి తెచ్చుకుని, అందులో ఒక్క గడ్డను తీసి సన్నగా తరగడం మొదలుపెడితే మాత్రం, రెండో గడ్డ దాకా వెళ్లకముందే కళ్లు మండి, ముక్కు కారి, కత్తి పక్కన పెట్టి మోచేత్తో కళ్లు తుడుచుకోవలసి వస్తుంది. కన్నీరు తెప్పించే పదార్థమేదో ఉల్లిగడ్డలో ఉంటుందని మనం మామూలుగా అనుకుంటాం గాని, ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట పూర్తిగా పొసగదు. ఉంటే మార్కెట్లో ఎందుకు పని చేయదు?

పని చేయకపోవడానికి కారణం, కోయని గడ్డలో ఆ పదార్థం అసలు లేకపోవడమే. దాని తయారీకి కావలసిన సరుకులు మాత్రం ఉంటాయి, అవి కూడా ఒకదానికొకటి తగలకుండా వేర్వేరు అరల్లో ఉంటాయి. కత్తి ఆ అరల మధ్య గోడను తెగగొట్టిన తర్వాత అవి కలుస్తాయి, కలిసిన క్షణాల్లో కన్నీటి పదార్థం పుడుతుంది, పుట్టిన వెంటనే ఆవిరై గాలిలోకి లేస్తుంది. అంటే మనల్ని ఏడిపించే పదార్థాన్ని అప్పటికప్పుడు తయారు చేయిస్తున్నది మన చెయ్యే. ఈ తయారీలో ఉన్న ఒక ముఖ్యమైన మెట్టును రసాయన శాస్త్రజ్ఞులు దశాబ్దాల పాటు గుర్తించలేదు. అది బయటపడ్డది 2002లో మాత్రమే, అదీ కూర పొడి ముద్దలు తయారు చేసే ఒక జపాన్ కంపెనీ ప్రయోగశాలలో. ఆ కథ దగ్గరికి వెళ్లే ముందు గడ్డ లోపల ఏముందో చూడాలి.

బడిలో సూక్ష్మదర్శిని కింద మొదట చూపించేది ఉల్లిపొరనే. పలుచని పొరను ఒలిచి, గాజు పలక మీద పరిచి, రంగు చుక్క వేసి చూస్తే ఇటుకలు పేర్చిన గోడలాగా పొడవాటి కణాలు వరసగా కనిపిస్తాయి. ఒక్కో ఇటుకలో పెద్ద భాగాన్ని ఆక్రమించుకుని రిక్తిక అనే ద్రవపు సంచి ఉంటుంది. సంచికీ కణకవచానికీ మధ్య మిగిలిన ఇరుకైన చోట కణద్రవ్యం ఉంటుంది. మన కథలోని సరుకులు ఈ రెండు చోట్లా విడివిడిగా ఉన్నాయి. కణద్రవ్యంలో గంధకం కలిగిన అమైనో ఆమ్లపు రూపాలు కొన్ని నిలవ ఉంటాయి. ఉల్లిలో వీటిలో ముఖ్యమైనదాన్ని ఐసోఅలిన్ అంటారు. దానికి వాసన లేదు, ఘాటు లేదు, ఆవిరయ్యే గుణం లేదు. రిక్తికలో అలినేస్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఐసోఅలిన్‌ను ముక్కలు చేయడం దాని పని, కానీ మధ్యలో పొర అడ్డు ఉన్నంత కాలం ఆ పనికి అవకాశం రాదు. గడ్డ గోనెసంచిలో నెలల తరబడి ఉన్నా, లారీలో వందల కిలోమీటర్లు కుదుపులు తిన్నా, బయటి పొట్టు ఊడినా, కణాలు చిట్లనంత వరకు ఏమీ జరగదు. పైపొట్టు ఒలిచేటప్పుడు కళ్లు మండకపోవడానికి కారణం కూడా ఇదే, ఎందుకంటే ఆ పొట్టులోని కణాలు ఎప్పుడో ఎండి చచ్చిపోయినవి.

కత్తి దిగినప్పుడు దాని దారిలో ఉన్న కణాలన్నీ పగిలి, రిక్తికలోని అలినేస్ పక్కనే ఉన్న ఐసోఅలిన్ మీద పడుతుంది. ఈ కోతలో మూడు పదార్థాలు వస్తాయి: పైరువిక్ ఆమ్లం, అమోనియా, ఇంకా ప్రొపెనైల్ సల్ఫెనిక్ ఆమ్లం. మొదటి రెండింటికీ మన కంటితో పేచీ లేదు. మూడోది మహా అస్థిరమైనది, పుట్టిన రూపంలో నిలవలేక వెంటనే మరొకటిగా మారాలని చూస్తుంది. దాని ముందు రెండు దారులు ఉన్నాయి. తన వంటి మరో అణువుతో జతకట్టి థయోసల్ఫినేట్ అనే పదార్థంగా మారడం ఒక దారి. పచ్చి ఉల్లికి మనం గుర్తుపట్టే వాసనను, రుచిని ఇచ్చేవి ఎక్కువగా ఈ దారిలో వచ్చినవే. ఒంటరిగానే తనలోని పరమాణువులను అటూఇటూ సర్దుకుని సిన్-ప్రొపేన్‌థయాల్-ఎస్-ఆక్సైడ్ అనే చిన్న అణువుగా మారడం రెండో దారి. పేరు నోరు తిరగనిదే గాని అణువు మాత్రం చాలా చిన్నది: మూడు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్, ఒక గంధకం, మొత్తం పదకొండు పరమాణువులు. అంత చిన్నది కాబట్టే వంటింటి వేడికే సులువుగా ఆవిరవుతుంది. కన్నీటి పదార్థం ఇదే. ఇక నుంచి దీన్ని ఆ పేరుతోనే పిలుస్తాను.

ఇక్కడే వెల్లుల్లి ఒక చిక్కు ప్రశ్న తెచ్చిపెట్టింది. తెలుగు వాళ్లం ఈ రెండింటినీ ఒకే కుటుంబంగా ముందే గుర్తించాం. తెల్లని ఉల్లి కాబట్టి వెల్లుల్లి అన్నాం, దానికి ఎదురుగా నీరుల్లి అన్నాం. (పేర్ల విషయంలో ఉల్లి మనల్ని ఇంకో రకంగా కూడా తికమక పెడుతుంది. తెలంగాణలో ఉల్లిగడ్డ, కోస్తాలో ఉల్లిపాయ అయిన వస్తువు రాయలసీమలో ఎర్రగడ్డ. కడప నుంచి కొత్తగా నగరానికి వచ్చిన మనిషి సిటీ బస్సు నుదుటి మీద ‘ఎర్రగడ్డ’ అన్న పేట పేరు చూసి ఇది కూరగాయల బండి అనుకున్నాడన్న హాస్యం ఎవరు పుట్టించారో గాని, ఆ పొరపాటుకు భాషలో చోటుంది.) వృక్షశాస్త్రం ప్రకారం కూడా రెండూ ఒకే ప్రజాతివి. వెల్లుల్లిలోనూ గంధకపు నిలవలు ఉన్నాయి, అలినేస్ ఉంది, దంచితే వాసన గుప్పుమంటుంది. 1944లో అమెరికాలో వెల్లుల్లి నుంచి అలిసిన్ అనే ఘాటైన పదార్థాన్ని వేరు చేశారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే స్విట్జర్లాండ్‌లో స్టోల్, సీబెక్ అనే శాస్త్రవేత్తలు దాని మూలపదార్థమైన అలిన్‌ను, దాన్ని కోసే ఎంజైమ్‌ను గుర్తించారు. పద్ధతి ఒకటే, ఎంజైమ్ కూడా ఇంచుమించు ఒకటే. అయినా ఆవకాయ కోసం కిలోల కొద్దీ వెల్లుల్లి ఒలిచి దంచినా, చేతులు మండుతాయి గాని కళ్ల వెంట ధార కట్టదు. ఎందుకు?

చాలాకాలం చెప్పుకున్న సమాధానం ఏమిటంటే, తేడా అంతా ముడిసరుకులోనే ఉందని. వెల్లుల్లిలోని అలిన్, ఉల్లిలోని ఐసోఅలిన్ పరమాణువుల సంఖ్యలో ఒకటే అయినా వాటి అమరికలో చిన్న తేడా ఉంది. ఐసోఅలిన్ కన్నీటికి మూలమని 1960ల తొలినాళ్లలో కనిపెట్టిన వారిలో ప్రముఖుడు ఫిన్లాండ్ జీవరసాయన శాస్త్రవేత్త ఆర్తురి విర్తానెన్. అప్పటికే ఆయన 1945 రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్నవాడు. కొంతకాలం పాటు సల్ఫెనిక్ ఆమ్లమే నేరుగా కళ్లను మండిస్తుందని అనుకున్నారు. 1970లలో అది కాదని, మండించేది ఆ ఆమ్లం రూపం మారగా వచ్చిన థయాల్ ఆక్సైడ్, అంటే మన కన్నీటి పదార్థం, అని తేలింది. అయితే ఆ రూపం మారడం తనంతట తానే జరిగిపోతుందని అందరూ నమ్మారు. అలినేస్ కోస్తుంది, మిగతాది దానంతటదే అవుతుంది అన్నది పాఠ్యపుస్తకాల మాట. సరళంగా ఉంది, నమ్మదగ్గట్టుగా ఉంది. కాబట్టే దాన్ని పరీక్షించాలని ఎవరికీ పెద్దగా అనిపించలేదు.

జపాన్‌లోని హౌస్ ఫుడ్స్ కంపెనీకి వచ్చిన ఇబ్బంది కన్నీళ్ల గురించి కాదు, రంగు గురించి. కూర ముద్దల కోసం ఉల్లి, వెల్లుల్లి కలిపి వేయించేటప్పుడు అవి కొన్నిసార్లు ఆకుపచ్చగా మారేవి. మన వంటిళ్లలో కూడా అల్లం వెల్లుల్లి ముద్ద నిలవ ఉంచితే నీలి పచ్చ రంగు తిరగడం చాలామంది చూసే ఉంటారు. అది కూడా ఈ గంధకపు పదార్థాల పనే. షిన్‌సుకే ఇమాయ్, ఆయన సహచరులు ఈ రంగుకు కారణం వెతుకుతూ, వెల్లుల్లి నుంచి తీసిన అలినేస్‌ను ఉల్లి మూలపదార్థంతో కలిపి చూశారు. పాత సిద్ధాంతం నిజమైతే అక్కడ కన్నీటి పదార్థం పుట్టి తీరాలి, ఎందుకంటే ముడిసరుకు ఉల్లిదే, కోసే ఎంజైమ్ కూడా ఉంది. అది పుట్టలేదు. ఉల్లి నుంచి తీసిన ముతక ఎంజైమ్ మిశ్రమంతో చేస్తే పుట్టింది. అంటే ఆ మిశ్రమంలో అలినేస్‌తో పాటు ఇంకేదో ఉంది. దాన్ని వేరు చేసి చూస్తే, సల్ఫెనిక్ ఆమ్లాన్ని పట్టుకుని కన్నీటి పదార్థంగా మార్చడమే పనిగా పెట్టుకున్న మరో ఎంజైమ్ అని తేలింది. 2002లో నేచర్ పత్రికలో ఈ సంగతి ప్రచురితమైంది. వెల్లుల్లిలో ఈ రెండో ఎంజైమ్ లేదు. అందుకని అక్కడ సల్ఫెనిక్ ఆమ్లాలకు జతకట్టే దారి ఒక్కటే మిగులుతుంది, ఆ దారిలో అలిసిన్ వస్తుంది.

ఈ పరిశోధనకు 2013లో రసాయన శాస్త్రంలో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. నా దృష్టిలో ఇందులో నవ్వు పాలు తక్కువ. దశాబ్దాల పాటు అందరూ ఒప్పుకున్న మాటను, అనుకున్నది జరగని ఒక్క పరీక్షనాళిక కారణంగా తిరగరాయడం మామూలు విషయం కాదు. పైగా ఈ రెండో ఎంజైమ్ దొరికాకే కన్నీరు తెప్పించని ఉల్లి గురించి సరైన ఆలోచన సాధ్యమైంది. అంతకుముందు కన్నీరు ఆపాలంటే అలినేస్‌ను ఆపడం తప్ప దారి లేదనుకున్నారు. అలినేస్‌ను ఆపితే కన్నీటితో పాటు ఉల్లి వాసన, ఘాటు, రుచి అన్నీ పోతాయి, ఎందుకంటే అన్నిటికీ మూలం ఆ మొదటి కోతే. కాలువ తూము దగ్గరే నీళ్లు కట్టేస్తే కింద ఏ మడికీ నీరందదు. రెండో ఎంజైమ్‌ను ఆపడం మాత్రం ఒక్క పాయను మూసి, ఆ నీటిని పక్క పాయకు మళ్లించడం వంటిది. 2008లో న్యూజిలాండ్ పరిశోధకులు సరిగ్గా ఈ పని చేశారు. జన్యు నిశ్శబ్దీకరణ పద్ధతిలో ఆ ఎంజైమ్ తయారీని అణచివేస్తే కన్నీటి పదార్థం బాగా పడిపోయింది, థయోసల్ఫినేట్లు పెరిగాయి. అవి ప్రయోగశాల దాటి అంగడికి రాలేదు. హౌస్ ఫుడ్స్ వాళ్లు 2015లో ‘స్మైల్ బాల్’ పేరుతో అమ్మకానికి తెచ్చిన గడ్డలు వేరే రకం. విత్తనాలను అయాన్ కిరణాలకు గురిచేసి, అలినేస్ చర్య బాగా తగ్గిన మొక్కలను ఎంచి పెంచినవి. వాటిని కోస్తే కళ్లు మండవు గాని తింటే ఘాటు కూడా ఉండదు. పచ్చి ఉల్లిముక్క నంజుకోకుండా పకోడీ ముద్ద దిగని మనబోటి వాళ్లకు అది ఎంతవరకు ఉల్లి అనిపిస్తుందో సందేహమే.

మొక్కకు ఇదంతా ఎందుకు? ఉల్లి మొదటి ఏడాది సంపాదించిన ఆహారాన్ని గడ్డలో దాచుకుని, తర్వాతి ఏడాది దాంతో పువ్వు పూసి గింజ కట్టే మొక్క. నేలలో నీరు, చక్కెర నిండిన గడ్డ ఒకటి కదలకుండా కూర్చుని ఉంటే పురుగులకు, ఎలుకలకు, బూజుకు పండగే. పారిపోలేని మొక్కకు ఘాటే రక్షణ. దాన్ని ఎప్పుడూ తయారు చేసి ఉంచుకోవడం మొక్కకే ప్రమాదం గనుక, సరుకులు విడివిడిగా పెట్టుకుని, ఎవరో పన్ను దించినప్పుడే, అదీ పన్ను దిగిన చోటే, అవి కలిసేటట్టు చేసుకుంది. మన కత్తికీ ఎలుక పంటికీ తేడా ఉల్లికి తెలియదు. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదన్న సామెతలోని మేలంతా మన లెక్కలోది, తనను కోయడానికి వచ్చిన వాళ్లకు మేలు చేయాలన్న ఉద్దేశం ఉల్లికి ఏమీ లేదు.

అన్ని గడ్డలూ ఒకే తీరుగా ఏడిపించకపోవడానికి మూలం నేలలో ఉంది. ఐసోఅలిన్‌లో గంధకం ఉంటుంది, ఆ గంధకం నేల నుంచే రావాలి. అది తక్కువగా ఉన్న నేలలో పండిన గడ్డ సరుకు చాలక చప్పగా మిగులుతుంది. అమెరికాలో జార్జియా రాష్ట్రపు విడాలియా ఉల్లి తీపికి పేరు పొందడానికి అక్కడి గంధకం తక్కువ నేల ముఖ్య కారణం. ఎండ ఎక్కువై, నీటి తడులు తక్కువైన పొలంలో పండినవి ఘాటెక్కుతాయి. వంగడాన్ని బట్టి కూడా ఈ గుణం మారుతుంది. వానాకాలపు పంటగా వచ్చే కొత్త గడ్డలో నీరు ఎక్కువ, నిలవకు ఆగదు, కోతకు కొంచెం మెత్తన. యాసంగిలో పండి, ఎండి, వేసవి దాటి నిలవ ఉండే గడ్డ గట్టిగా, ఘాటుగా ఉంటుంది. బజారులో ‘పాత గడ్డా, కొత్త గడ్డా’ అని అడిగే అలవాటు ఊరికే పుట్టలేదు. ఘాటును కొలిచే పద్ధతి కూడా మనం పైన చూసిన రసాయన చర్య నుంచే వచ్చింది. అలినేస్ ఒక అణువును కోసిన ప్రతిసారీ ఒక పైరువిక్ ఆమ్లపు అణువు మిగులుతుంది కాబట్టి, గడ్డను నలగ్గొట్టి ఆ ఆమ్లం ఎంత వచ్చిందో కొలిస్తే ఎన్ని కోతలు జరిగాయో లెక్క తేలుతుంది. 1961లో ష్విమ్మర్, వెస్టన్ ప్రవేశపెట్టిన ఈ కొలత నేటికీ వాడుకలో ఉంది. తీపి ఉల్లి అంటే చక్కెర ఎక్కువ ఉన్న ఉల్లి అనుకోవడం సగం పొరపాటు. ఘాటు ఉల్లిలో కూడా దాదాపు అంతే చక్కెర ఉండవచ్చు, ఘాటు కింద అది నాలుకకు తెలియదు.

ఇక గడ్డ నుంచి కంటి దాకా జరిగే ప్రయాణం. కత్తిపీట వాడిన ఇళ్లలో పెరిగిన వారికి దీని గురించి వేరే చెప్పనక్కరలేదు. నేల మీద కూర్చుని, పీటను పాదంతో నొక్కిపట్టి, గడ్డను రెండు చేతులతో కత్తి మీదికి నెడుతున్నప్పుడు ముఖం సరిగ్గా కోత మీదికి వంగి ఉంటుంది. పైకి లేచిన ఆవిరికి కన్ను ఎదురుపడుతుంది. నిలబడి గట్టు మీద పలకపై కోసేవారికి ఆ దూరం కాస్త ఎక్కువ. ఆవిరి ఒక్కటే కాదు, సన్నని తుంపరలు కూడా లేస్తాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో ప్రచురించిన పనిలో, కత్తి ఉల్లిలోకి దిగడాన్ని అతివేగపు కెమెరాలతో చిత్రీకరించి ఈ తుంపరల సంగతి చూశారు. మొద్దు కత్తి పొరను వెంటనే తెంచలేదు, ముందు నొక్కుతుంది. ఆ ఒత్తిడికి పొర కింద రసం బిగదీసుకుని, పొర తెగిన క్షణంలో ఒక్కసారిగా చిమ్ముతుంది. కత్తి ఎంత మొద్దుదైతే, కోత ఎంత వేగంగా పడితే తుంపరలు అంత ఎక్కువగా, అంత జోరుగా లేస్తాయని తేలింది. పదునైన కత్తితో నెమ్మదిగా కోస్తే అవి తగ్గుతాయి. ‘కత్తులకు సాన పెడతాం’ అని అరుస్తూ సైకిలు మీద వీధుల్లో తిరిగే మనిషి ఇప్పుడు మన కాలనీల్లో అరుదైపోయాడు. వంటింట్లో కన్నీళ్లు పెరగడానికి అది కూడా ఒక కారణమని నేనంటే అతిశయోక్తిగా తీసుకోకూడదు.

కోసే దిశ వల్ల కూడా కొంత తేడా ఉంటుంది. బడిలో చూసిన ఆ ఇటుకలు గడ్డలో వేరు వైపు నుంచి కాడ వైపుకు పొడవుగా పేర్చి ఉంటాయి. నిలువుగా చీల్చితే కత్తి వాటి మధ్యగా జారిపోవడానికి వీలుంది, అడ్డంగా చక్రాలు కోస్తే ప్రతి ఇటుకనూ తెంచుకుంటూ పోవాలి. బిర్యానీ కోసం నిలువుగా, పలుచగా చీల్చే కోతకు అసలు కారణం వేగినప్పుడు ముక్క విడిపోకుండా సమంగా రంగు రావడమే గాని, కోసేవాడి కళ్లకు కూడా అది కొంత మేలు చేస్తుంది. ఘాటు గడ్డంతా సమంగా పరచుకుని ఉండదు. బయటి పొరల కంటే లోపలి పొరల్లో, పై భాగం కంటే వేరుండే అడుగు భాగంలో అది ఎక్కువ. అందుకే కోత ముగింపుకు వచ్చేకొద్దీ మంట ముదురుతుంది.

కంటికి చేరిన ఆవిరి ఏం చేస్తుందన్న విషయంలో చాలా చోట్ల ఒక కథ కనిపిస్తుంది: అది కంటి తడిలో కరిగి గంధకికామ్లంగా మారి కంటిని కాలుస్తుందని, దాన్ని కడగడానికి నీళ్లు వస్తాయని. వినడానికి ఒళ్లు జలదరించే ఈ మాటను నేను తేలికగా నమ్మమనను. నీటిలో కన్నీటి పదార్థం విచ్ఛిన్నమై ఇతర గంధక పదార్థాలు కొంచెం కొంచెం రావచ్చు. కానీ కంటిని అప్రమత్తం చేయడానికి ఆమ్లం తయారయ్యే దాకా ఆగనక్కరలేదు. నల్లగుడ్డు మీద పారదర్శకంగా ఉండే కార్నియా పొర, శరీరంలో నాడుల కొసలు అత్యంత దట్టంగా ఉన్న భాగాల్లో ఒకటి. చర్మంతో పోలిస్తే వందల రెట్లు ఎక్కువ. ఆ నాడుల కొసల్లో టీఆర్‌పీఏ1 అనే ప్రోటీను ద్వారాలు ఉంటాయి. హాని చేయగల చురుకైన రసాయనాలు తగిలితే తెరుచుకుని నాడిని మేల్కొలపడం వాటి పని. ఆవపిండి ఘాటు, వెల్లుల్లి అలిసిన్ ఈ ద్వారాన్నే తడతాయి. ఉల్లి ఆవిరి కూడా ఇంతే. మిరపకాయ తట్టేది పక్కనున్న టీఆర్‌పీవీ1 అనే మరో ద్వారాన్ని. దాన్ని గుర్తించినందుకే డేవిడ్ జూలియస్ 2021 వైద్య నోబెల్‌ను పంచుకున్నాడు. మిరపలోని ఘాటు పదార్థం సులువుగా ఆవిరి కాదు కాబట్టి పచ్చిమిర్చి ఎన్ని తరిగినా కళ్లు మండవు, ఆ చేత్తో కన్ను నలుపుకుంటే తప్ప. ఎండుమిర్చి పోపులో మాడినప్పుడు ఇల్లంతా దగ్గడం వేరే సంగతి, అక్కడ నూనె పొగ దాన్ని మోసుకొస్తుంది.

నాడి మేల్కొన్న తర్వాతి పనులు మన ప్రమేయం లేకుండానే జరిగిపోతాయి. కార్నియా నుంచి సమాచారం త్రిధార నాడి ద్వారా మెదడు కాండానికి చేరుతుంది, అక్కడి నుంచి ఆజ్ఞ ముఖ నాడి గుండా కంటి పైన, బయటి మూలలో ఉండే అశ్రుగ్రంథికి వస్తుంది, గ్రంథి నీళ్లు వదులుతుంది. తెలుగు పాఠ్యపుస్తకాలు ఇలాంటివాటిని ప్రతీకార చర్యలు అంటాయి. ఆ పేరు పెట్టినవారికి ఉల్లి గుర్తుందో లేదో గాని, మాట ఇక్కడ చక్కగా అతికింది. మామూలు వేళల్లో కంటి మీద పరచుకుని ఉండే నీరు దాదాపు ఏడు మైక్రోలీటర్లు మాత్రమే. కంటిరెప్పల మధ్య పట్టే చోటు దానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. అంతకు మించి వస్తే చెంపల మీదికి జారుతుంది. రెప్పల లోపలి మూలల్లో ఉండే సన్నని రంధ్రాలు కొంత నీటిని ముక్కులోకి దించుతాయి. ఉల్లి కోసేటప్పుడు ముక్కు కారడం జలుబు వల్ల కాదు, అది చాలావరకు కంటి నీరే.

ఈ కన్నీరూ దుఃఖంలో వచ్చే కన్నీరూ ఒకటేనా అన్న ప్రశ్న కూడా శాస్త్రజ్ఞులకు తట్టింది. కన్నీరు మూడు రకాలు: కంటిని ఎప్పుడూ తడిగా ఉంచేది, దుమ్ము, పొగ, ఉల్లి వంటివి తగిలినప్పుడు వచ్చేది, మనసు కదిలినప్పుడు వచ్చేది. అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త విలియం ఫ్రే 1981లో ప్రచురించిన పరిశోధనలో, ఉల్లితో తెప్పించిన కన్నీటిని, భావోద్వేగంతో వచ్చిన కన్నీటిని పోల్చి, రెండో దానిలో ప్రోటీన్లు ఎక్కువగా ఉన్నాయని చూపించాడు. అంటే అత్తగారి ముందు ఏడుపును ఉల్లిగడ్డ మీదికి నెట్టేసే కోడళ్ల పాత ఉపాయం ప్రయోగశాలలో చెల్లదు. వంటింట్లో మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది.

ఈ క్రమమంతా తెలిస్తే, చుట్టుపక్కల వినిపించే చిట్కాల్లో ఏది పని చేస్తుందో మనమే తేల్చుకోవచ్చు. కోసే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టడానికి అర్థం ఉంది: చల్లదనానికి ఎంజైమ్‌లు మందగిస్తాయి, ఆవిరి తక్కువగా లేస్తుంది. గడ్డ మళ్లీ వేడెక్కే లోపు కోత ముగించాలి, అంతే. పొట్టు తీసిన సగాలను నీళ్లలో వేస్తే కోత ముఖాల మీద పుట్టినది నీటిలో కలిసిపోతుంది, కాకపోతే రుచి కూడా కొంత ఆ నీటితోనే పోతుంది. పక్కన ఫ్యాను పెట్టి గాలి ముఖానికి అడ్డంగా పోయేటట్టు చూసుకోవడం చవకైన, మంచి ఉపాయం. పెళ్లిళ్ల వంటవాళ్లు బస్తాల కొద్దీ ఉల్లి కోస్తూ మాట్లాడుకోగలగడానికి చేతివాటంతో పాటు, ఫంక్షన్ హాలు వెనక ఆరుబయట కూర్చోవడం, రోజూ పదును పెట్టుకునే కత్తి ముఖ్య కారణాలని నాకనిపిస్తుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్నవారు తక్కువ బాధపడతారు, ఎందుకంటే కార్నియాను లెన్సు కప్పి ఉంచుతుంది. మిక్సీలో రుబ్బితే కోతకంటే ఎన్నో రెట్లు కణాలు పగిలి ఆవిరి అంతా మూత కింద చేరుతుంది కాబట్టి, మూత తీసేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోవాలి. నోట్లో రొట్టె ముక్క పెట్టుకోవడం, పక్కన కొవ్వొత్తి వెలిగించడం వంటివాటికి నమ్మదగిన ఆధారం కనిపించదు. మా నాయనమ్మ కోసిన మొదటి గడ్డ తల ముక్కను తన నెత్తిన పెట్టుకునేది. దానికి శాస్త్రంలో నాకు ఏ దారీ దొరకలేదు. అయితే అది జారిపడకుండా ఉండాలని ఆమె తల నిటారుగా ఉంచి కోసేది, ముఖం కోత మీదికి వంగేది కాదు. ఆ మేరకు పని చేసి ఉండవచ్చు.

అన్నిటికంటే ఖచ్చితంగా పని చేసేది వేడి. ఎంజైమ్‌లు ప్రోటీన్లు, వేడికి వాటి ఆకారం చెడిపోయి పనికిరాకుండా పోతాయి. ఉడికిన గడ్డను ఎంత కోసినా కన్నీరు రాదు, ఎందుకంటే సరుకులు మిగిలినా కలిపే చెయ్యి లేదు. బిర్యానీ కోసం బిరిస్తా వేయించేటప్పుడు మొదట్లో కళ్లకు తగిలే ఘాటు, ముక్కల్లో అప్పటికే పుట్టి ఉన్నది ఆవిరైపోవడం. అది పోయాక కొత్తది పుట్టదు, నీరు ఇంకుతుంది, ఘాటు కింద దాగిన చక్కెర పైకి వచ్చి ముక్కలు ఎర్రబడతాయి, వాసన తియ్యగా మారుతుంది. అదే ప్లేటు పక్కన నిమ్మ చెక్కతో పాటు పెట్టే పచ్చి ఉల్లి చక్రాల సంగతి వేరు. వంటగది నుంచి బల్ల దాకా వచ్చే లోపు వాటి కోత ముఖాల మీద పుట్టిన ఆవిరి గాలిలో కలిసిపోతుంది, కళ్లకు ఏమీ తెలియదు. కానీ మిగతా కణాలు ఇంకా పగలకుండానే ఉన్నాయి. ఒక చక్రాన్ని మసాలా అన్నంతో కలిపి నోట్లో పెట్టుకుని నమిలితే, పళ్ల మధ్య అలినేస్ మళ్లీ మొదటి నుంచి పని మొదలుపెడుతుంది. ఆ ఘాటు ఈసారి కంటికి కాకుండా నాలుకకూ ముక్కు వెనక్కీ ఎక్కుతుంది. మనం దాని కోసమే మరో చక్రం అడుగుతాం.